పేరు మీద లొల్లి, కాయితం మీద సప్పుడు లేదు

2024 ఏప్రిల్ల మా ఊరి పిల్లగాడొకడు అమెరికా నుంచి ఫోన్ చేసిండు. కెంటకీ రాష్ట్రంల, లెక్సింగ్టన్ అనే పట్నంల ఎమ్మెస్ చదువుతున్నడు. "కాకా, ఈడ ఏమైతుందో సమజైతలేదు. బస్సుల, క్యాంటీన్ల, క్లాసు బయట, ఏడ జూసినా ఒక్కటే ముచ్చట. బాస్కెట్‌బాల్ కోచ్ పోయిండట, కొత్తోడు ఎవడట. మనకాడ ముఖ్యమంత్రి దిగిపోయినా ఇంత లొల్లి ఉండదు" అన్నడు.

నవ్విన. ఒక కాలేజీ టీముకు కోచ్ మారితే ఊరంత ఆగమైతదారా అన్న. గని ఫోన్ పెట్టినంక మనసు అండ్లనే ఉన్నది. ఆ దినాలు పొద్దుమూకంగనే ఫోన్ పట్టుకొని అక్కడి పేపర్లు, అభిమానుల మాటలు చదువుడు మొదలువెట్టిన. బాస్కెట్‌బాల్ చేతుల పట్టుకున్నోణ్ని కాదు నేను. మాదంత కబడ్డీ, వాలీబాల్. అయినా ఆ అయిదారు రోజుల పంచాదిల నాకు మన రాజకీయమే కనవడ్డది. ఏటా మార్చి, ఏప్రిల్ రాంగనే అమెరికాల ఏదో ఒక కాలేజీల ఇదే తంతు నడుస్తది. అందుకే ఒక్క కెంటకీ ముచ్చటనన్న పూరా చెప్పుకుందాం.

ముందుగాల ఒక సంగతి. కెంటకీ రాష్ట్రానికి పెద్ద ప్రొఫెషనల్ టీము లేదు. ఎన్‌బీఏ జట్టు లేదు, అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగు జట్టు కూడా లేదు. తూర్పు దిక్కు బొగ్గు బాయిల కొండలు, నడుమ గుర్రాల ఫారాలు, పొగాకు చేన్లు. అసొంటి రాష్ట్రానికి సర్కారు యూనివర్సిటీ జట్టే అన్నీ. ఇప్పటిదాంక ఎనిమిదిసార్లు దేశ ఛాంపియన్ అయింది. మొదటిది 1948ల, ఆఖరిది 2012ల. వాళ్ల రప్ అరీనాల ఇరవై వేల మంది వరకు పడుతరు. బొగ్గు బాయిల పనిజేసిన తాత, కాలేజీ మెట్టు ఎక్కని తండ్రి, ఫోన్ల స్కోరు చూసే మనుమడు, ముగ్గురిదీ ఒకటే నీలం రంగు అంగి. ఆ యూనివర్సిటీల చదివినోళ్లే అభిమానులు అనుకుంటే తప్పు. చదవనోళ్లకే ఎక్కువ పట్టింపు.

ఇగ పోయిన కోచ్ ముచ్చట. జాన్ కాలిపారి 2009ల వచ్చిండు. 2012ల కప్పు తెచ్చిండు. 2015ల అయితే 38 ఆటలు గెలిచి, ఒక్కటి ఓడి, ఆ ఒక్కటి సెమీఫైనల్ అయి ఇంటికొచ్చిండ్రు. ఆయన పద్ధతి ఏందంటే, దేశంలనే గొప్ప పిల్లగాండ్లను ఇంటర్ కాంగనే పట్టుకొస్తడు. వాళ్లు ఒక్క ఏడాది ఆడి ఎన్‌బీఏకు పోతరు. మల్ల కొత్తోళ్లు. మొదట్ల అభిమానులకు సంబరంగనే ఉండె. రానురాను బస్టాండ్ తీరు అనిపిచ్చింది. పిల్లగాని పేరు నోటికి ఎక్కేలోపట బస్సు ఎక్కిపోతున్నడు.

మార్చిల జరిగే ఎన్‌సీఏఏ టోర్నమెంటుల ఒక్కసారి ఓడితే ఇంటికే. 2022ల రెండో ర్యాంకుల ఉన్న కెంటకీ, పదిహేనో ర్యాంకు సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ చేతుల ఓడింది. 2024 మార్చి 21న పద్నాలుగో ర్యాంకు ఓక్లాండ్ చేతుల 80-76తోని ఓడింది. ఆ జట్టుల జాక్ గోల్కీ అనే పిల్లగాడు ఒక్కడే దూరం నుంచి పది మూడు పాయింట్ల బుట్టలు వేసిండు. రేపు ఎన్‌బీఏల కోట్లు సంపాయించే పిల్లగాండ్లు చూస్తనే నిలవడ్డరు.

అభిమానులు మండిపోయిండ్రు. పంపియ్యిరి అన్నరు. గని పంపెటట్టు లేదు. 2019ల ఆయనతోని పదేండ్ల ఒప్పందం రాసుకున్నరు. నడుమల తీసేస్తే యూనివర్సిటీ 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైనే కట్టాలె. మన లెక్కల 270 కోట్ల రూపాయలు దాటుతది. జీతం ఏడాదికి 85 లక్షల డాలర్ల దగ్గర. రాష్ట్ర గవర్నర్ జీతానికి అది ఎన్నో ఇంతలు. మార్చి ఆఖర్ల, ఆటల విభాగం డైరెక్టర్ మిచ్ బార్న్‌హార్ట్, కాలిపారే ఉంటడని ప్రకటించిండు. ముచ్చట ఒడిసింది అనుకున్నరు.

రెండు వారాలు కాకముందే, ఏప్రిల్ 7 ఐతారం నాడు, కాలిపారి పక్క రాష్ట్రం తీరు ఉన్న ఆర్కన్సాకు పోతున్నడని వార్త పేలింది. ఎట్ల పోయిండో ఇనుండ్రి. టైసన్ ఫుడ్స్ అని కోడికూర అమ్ముట్ల దునియాల పెద్ద కంపెనీలల్ల ఒకటి ఉన్నది. ఆర్కన్సా రాష్ట్రందే. దాని ఛైర్మన్ జాన్ టైసన్, కాలిపారికి పాత దోస్తు. మా కాలేజీకి కోచ్ గావాలె, ఎవరు మంచిగుంటరని టైసన్ అడిగిండు, ఈయన ఒకరిద్దరి పేర్లు చెప్పిండు, ఆఖరికి నువ్వే రారాదు అన్నడు. ఈ సంగతి కాలిపారే అందరి ముంగట చెప్పుకున్నడు. అక్కడ మూల జీతం ఏడాదికి 70 లక్షల డాలర్లు. అంటే తక్కువకు పోయిండు. కెంటకీల జనం నోరు అంత గట్టిగ తాకిందన్నట్టు. యూనివర్సిటీ పైసలు పెట్టి పంపలేని మనిషిని అభిమానుల కోపం ఉచితంగ పంపింది.

మనకాడ షెడ్లు వేసుకొని కంపెనీ కోళ్లు పెంచే తమ్ముళ్లకు ఈ కత ఎక్కువ సమజైతది. ఎవరు ఎక్కడికి పోవాల్నో కోళ్లాయన ఫోన్ల తేలిపోయింది.

ఇగ అసలు లొల్లి అప్పుడు షురూ అయింది. కొత్త కోచ్ ఎవరు? నేను చూస్తున్నప్పుడు ఎక్కువ వినవడ్డ పేర్లు అయిదు. ఒకటి డాన్ హర్లీ. సోమారం నాడే, అంటే ఏప్రిల్ 8న, ఆయన యూకాన్ జట్టు వరుసగ రెండో ఏడు ఛాంపియన్ అయింది. రెండోది బిల్లీ డోనవన్, ఫ్లోరిడాకు 2006, 2007ల రెండు కప్పులు తెచ్చినోడు, అప్పటికి ఎన్‌బీఏల షికాగో బుల్స్ కోచ్. మూడోది స్కాట్ డ్రూ, 2021ల బేలర్‌కు కప్పు తెచ్చిండు. నాలుగోది అలబామా కోచ్ నేట్ ఓట్స్. అయిదో పేరు మార్క్ పోప్. ఆ అయిదో పేరు మొదట్ల ఎవ్వలూ పెద్దగ పట్టించుకోలే.

ఆ వాదనలు చదివితే నాకు ముచ్చటేసింది తమ్ముళ్లూ. ఉత్త జిందాబాద్ కాదు. హర్లీ కోపం మనిషి, ఈ రాష్ట్రం మీడియాను తట్టుకుంటడా అని ఒకడు. డోనవన్ కాలేజీ ఆట ఇడిచిపెట్టి తొమ్మిదేండ్లాయె, ఇప్పుడు పిల్లగాండ్లకు పైసలిచ్చి తెచ్చుకునే కాలం, ఆయనకు ఈ ఆట ఎరుకేనా అని ఇంకొకడు. డ్రూ ఏమీలేని బేలర్‌ను లేపి నిలవెట్టిండు, గని ఆయనకు అక్కడ కాపురం కుదిరింది, కదులతడా అని ఒకడు. ఓట్స్ జట్టు బుట్టలు మస్తు వేస్తది, ఎదుటోణ్ని ఆపుతదా అని ఒకడు. ఏ ఏడు ఎన్ని గెలిచిండు, ఎవని మీద గెలిచిండు, ఇంట్ల ఆడితె ఎంత, బయట ఆడితె ఎంత, అన్ని లెక్కలు తీసిండ్రు. లారీ నడిపెటాయన, బడిపంతులు, దవాఖాన నర్సు, అందరూ పేరు పేరుకు మార్కులు వేసిండ్రు. మన దగ్గర ఎమ్మెల్యే టికెట్ ముచ్చట వచ్చినప్పుడు కులమేంది, పైసలెన్ని, ఎవని మనిషి అనే కాడనే ఆగిపోతం. పోయిన అయిదేండ్ల పని లెక్క తీసేటోణ్ని వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు.

గని ఒక్కొక్కలే రామన్నరు. హర్లీ ఉన్నకాడనే ఉంట అన్నడు. ఓట్స్ అలబామాను ఇడువ అన్నడు. డోనవన్ సీజన్ నడుస్తున్నది. ఏప్రిల్ 11 గురువారం డ్రూ కూడ బేలర్‌లనే ఉంట అన్నడు. ఆ రాత్రి మార్క్ పోప్ పేరు బయటికొచ్చింది. తెల్లారి పక్కా అయింది.

ఆ రాత్రి కెంటకీ అభిమానుల మాటలు ఇక్కడ రాయలేను. పోప్ అప్పుడు యూటా రాష్ట్రంల బీవైయూ అనే యూనివర్సిటీ కోచ్. హెడ్ కోచ్‌గ ఎన్‌సీఏఏ టోర్నమెంటుల అప్పటిదాంక ఒక్క ఆట గెలిచినోడు కాదు. ఆ ఏడు కూడ మొదటి రౌండుల డుకేన్ చేతుల ఓడిండు. ఎనిమిది కప్పుల ఇంటికి ఒక్క గెలుపు లేని అల్లుడా అని దుఃఖం.

మూడొద్దులు కాలే. ఏప్రిల్ 14 ఐతారం పోప్‌ను జనానికి చూపెట్టే మీటింగు రప్ అరీనాల పెట్టిండ్రు. ఆట లేదు, ఏం లేదు, ఉత్త ప్రెస్‌మీటు. అరీనా నిండిపోయింది. బయట జాగ లేక తిరిగిపోయినోళ్లు ఉన్నరు. పోప్ పాత ఆటగాండ్లతోని బస్సుల వచ్చి దిగిండు. శుక్రారం తిట్టినోళ్లే ఐతారం కండ్లనీళ్లు పెట్టుకున్నరు. మా పిల్లగాడు కూడ పోయిండట, టికెట్ లేదు కదా అని. "కాకా, మా కాలేజీ కాకున్నా నాకూ గుండె కొట్టుకున్నది" అన్నడు.

ఏం మారింది నడుమల? పోప్ రికార్డు మారలే. పోప్ 1996ల కప్పు గెలిచిన కెంటకీ జట్టుకు కెప్టెన్‌లల్ల ఒకడు. ఆ ఒక్క ముచ్చట పైకి లేసింది. "మనోడు" అన్నరు. గమ్మతేందంటే పోప్ పుట్టింది నెబ్రాస్కాల, పెరిగింది దేశానికి ఆ చివర వాషింగ్టన్ రాష్ట్రంల, కాలేజీ ఆట మొదలువెట్టింది కూడ అక్కడనే. కెంటకీల ఉన్నది మూడేండ్లు. మనకాడ ముల్కీ కావాల్నంటే ఆ కాలంల పదిహేనేండ్లు ఉండాలె. అక్కడ మూడేండ్లల్ల, చెమట కార్చినందుకు, మనోడయిండు. పుట్టుకను చూడలే, అంగి మీద రాసిన పేరును చూసిండ్రు. ఇది నాకు నచ్చింది, దాపుడెందుకు. ఒక్క ఏడాది ఆడి పోయే బస్టాండు ఆటతోని యాష్టకొచ్చిన జనానికి, మా దగ్గర నిలవడ్డోడు ఒకడు కావాలె అనిపిచ్చింది. కప్పు కంటే ముందు అది అడిగిండ్రు, వాళ్లకే ఎరుక లేకుంట.

అయితె ఈ "మనోడు" అనే మాట అందరికీ ఒక్క తీరు అందదు. నేను పైన రాసిన అయిదు పేర్లు మల్ల చూడుండ్రి. అయిదుగురూ తెల్లోళ్లే. కోర్టుల ఉరికే పిల్లగాండ్లల్ల ఎక్కువమంది నల్లజాతోళ్లు. రప్ అరీనాకు పేరు పెట్టిన అడాల్ఫ్ రప్ 42 ఏండ్లు కోచ్‌గ ఉండి 876 ఆటలు గెలిచిండు. ఆయన జట్టులకు మొదటి నల్లజాతి ఆటగాన్ని తీసుకున్నది 1969ల, దిగిపోయే ముంగట. 1966 ఫైనల్ల అందరు తెల్లోళ్లతోని ఆడిన ఆయన జట్టును, అయిదుగురు నల్లోళ్లతోని ఆట మొదలువెట్టిన టెక్సస్ వెస్ట్రన్ ఓడగొట్టింది. 2020ల ఆ యూనివర్సిటీలనే ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర చెప్పే పంతుళ్లు ఆ పేరు తీసెయ్యిరని అడిగిండ్రు. తీయలే.

కెంటకీకి మొదటి నల్లజాతి హెడ్ కోచ్ టబ్బీ స్మిత్. 1997ల వచ్చి, మొదటి ఏడే కప్పు కొట్టిండు. పదేండ్లుంటే పదేండ్లూ జట్టును టోర్నమెంటుకు తీసుకపోయిండు. అయినా మల్ల కప్పు తేలేదని గులుగుడు ఆగలే, 2007ల మినెసోటాకు ఎల్లిపోయిండు. ఆయనకు ముందటి కోచ్ రిక్ పిటినో అయితె, పక్కూరి ఆగర్భ శత్రువు లూయివిల్ కాలేజీకి పోయి కోచ్ అయినోడు. ద్రోహి అని తిట్టిండ్రు ఏండ్లకేండ్లు. పోప్ వాడి శిష్యుడే కాబట్టి, పోప్ వచ్చినంక ఆ ద్రోహిని గూడ రప్ అరీనాకు పిలిచి చప్పట్లు కొట్టిండ్రు. ఎవరికి మాఫీ దొరుకుతది, ఎవరి పదేండ్ల పని సరిపోదు అనేది ఆలోచించే ముచ్చట. కెంటకీ జనాన్ని తిడుతలేను. మన ఇండ్లల్ల లేనిదా ఇది.

ఇంకొక దిక్కు కూడ చూడాలె. కోచ్ పోతే పిల్లగాండ్లు ఏమైతరు? పోప్ వచ్చినంక జట్టుల స్కాలర్‌షిప్ ఉన్న పాత ఆటగాడు ఒక్కడు మిగలలే. కొందరు ఎన్‌బీఏకు, కొందరు వేరే కాలేజీలకు. డీజే వాగ్నర్, అడూ తియేరో, జ్వొనిమిర్ ఇవిషిచ్ ముగ్గురు కాలిపారి ఎంబడి ఆర్కన్సాకు పోయిండ్రు. మేస్త్రి ఎంబడి కూలీలు పోయినట్టు. 2021 జులై 1 దాంక ఈ పిల్లగాండ్లు తమ పేరు మీద ఒక్క డాలర్ సంపాయించినా నేరమే. వాళ్ల చెమటతోని కోచ్‌కు 85 లక్షలు, వాళ్లకు చదువు, తిండి, హాస్టల్ గది. అమెరికా సుప్రీంకోర్టు 2021 జూన్ల ఎన్‌సీఏఏకు 9-0తోని ఎదురు తీర్పిచ్చినంక కత కదిలింది. 2025 జూన్ల ఇంకో కేసుల రాజీ కుదిరి, కాలేజీలే ఆటగాండ్లకు నేరుగ పైసలియ్యొచ్చన్నరు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ, అన్ని ఆటలు కలిపి, 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఇయ్యొచ్చు. ఏండ్లకేండ్లు పట్టిన ఈ కొట్లాట ఆటగాండ్లు కోర్టుల చేసింది. కోచ్ పేరు మీద రాత్రంత నిద్రలేకుంట వాదించిన జనం గీ కొట్లాటల అంత గట్టిగ కనవడలే.

నాకు గుచ్చుకున్న సంగతి ఇదే. కాలిపారిని తీయాల్నన్ననాడు ప్రతి అభిమానికి 3 కోట్ల 30 లక్షల లెక్క నోటికొచ్చె. ఎవడు రాసిండు ఈ కాయితం అని తిట్టుకున్నరు. రాసింది ఆ డైరెక్టరే. మల్ల కొత్త కోచ్‌ను ఏరే పని కూడ ఆయన చేతులనే పెట్టిండ్రు. పోప్‌తోని అయిదేండ్ల ఒప్పందం అయింది, ఏడాదికి సగటున 55 లక్షల డాలర్లు. నడుమల తీసేస్తే ఎంత, పోతే ఎంత, ఎవరు ఏరిండ్రు, ఏ లెక్కన ఏరిండ్రు అని అరీనాల అడిగినోడు లేడు. ఆ పైసలు పన్నుల నుంచి రావు, టికెట్లు, టీవీ హక్కులు, దాతల నుంచి వస్తయి అంటరు. నిజమే. ఆ టికెట్ కొనేది ఎవరు, ఆ టీవీ చూసేది ఎవరు?

మన ముచ్చట ఒక్క మాట చెప్పి ఊకుంట. కెంటకీ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ కోచ్ అయిదారు రోజులల్ల దొరికిండు. అదే 2024ల, మే 21 సంది అక్టోబర్ దాంక, మన తెలంగాణ యూనివర్సిటీలల్ల వైస్ చాన్స్‌లర్లు లేకుంట ఐఏఎస్‌లే ఇన్‌ఛార్జిలుగ నడిపిండ్రు. అక్టోబర్ 18న తొమ్మిదిమందిని పెట్టిండ్రు. ఆ అయిదు నెలల్ల ఎంతమంది తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ పేరు ఎందుకు, ఆ పేరు ఎందుకు కాదు, ఈయన రాసిన పరిశోధన ఏంది, హాస్టల్ నడిపిన అనుభవం ఏంది అని వాదించుకున్నరు? విద్యార్థి సంఘాలు అడిగినయి, అబద్ధమెందుకు. చాయ్ హోటల్ దాంక ఆ ముచ్చట రాలే.

పోప్ మొదటి ఏడు మంచిగనే నడిచింది. 2024 నవంబర్ల డ్యూక్‌ను ఓడగొట్టిండ్రు. మార్చిల టోర్నమెంటుల ఆఖరి పదహారు జట్ల దాంక పోయిండ్రు, టెనెసీ చేతుల ఓడిండ్రు. ఆ ఏడు కాలిపారి ఆర్కన్సా కూడ సరిగ్గ ఆ పదహారు దాంకనే పోయింది. అయితె ఆ మార్చి కంటే ముందు ఒక రాత్రి ఉన్నది. 2025 ఫిబ్రవరి 1న కాలిపారి తన కొత్త జట్టును తీసుకొని రప్ అరీనాకే వచ్చిండు. వాగ్నర్, తియేరో, ఇవిషిచ్ ముగ్గురు ఎర్ర అంగిలేసుకొని అదే కోర్టుల దిగిండ్రు. పదిహేనేండ్లు మోసిన మనిషి లోపటికి రాంగనే జనం ఊళలు పెట్టిండ్రు. 89-79తోని ఆర్కన్సా గెలిచింది.

మనకు ఐతారం పొద్దుగాల అయితది. మా పిల్లగాడు ఫోన్ చేసిండు. "కాకా, మల్ల మొదలువెట్టిండ్రు. పోప్ పనికొస్తడా, పనికిరాడా అని" అన్నడు.

"పోప్‌ను తీసేయాల్నంటే ఎంత కట్టాల్నో ఎవరన్న అడుగుతున్నరా?" అన్న.

"అది తీసేసే నాడు అడుగుతరు కాకా" అన్నడు.